యంత్రానికి పాఠ పరిష్కరణ

పాత రికార్డు ప్లేయర్లను, వాల్వు ఆంప్లిఫయర్లను అటకల మీదినుండి దింపి, ఇంటిలోనే బాగుచేసుకొని వినువారు నేటికిని అక్కడక్కడ కనిపిస్తున్నారు. దీనిని పాతమీది మోజుగా కొట్టివేయుట న్యాయం కాదు. ఐతే కాలం చెరపని యంత్రాలను అత్యుత్సాహం చెరపుట కూడా కద్దు. కావున ఈ పనికి ఒక మర్యాద కావలసి ఉన్నది.

తెలుగు చదువుకున్నవారికి ఆ మర్యాద పరిచితమే. తాళపత్ర ప్రతిని పరిష్కరించువాడు లేఖక ప్రమాదాన్ని దిద్దుతాడు గాని కవి మాటను దిద్దడు. ఏది ప్రమాదమో, ఏది ప్రయోగమో తేలేవరకు కలం కదపడు.

ఈ అభిరుచిగలవారు మిక్కిలి ఆదరించే ఇంగ్లీషు యంత్రాలలో 1953 నాటి క్వాడ్ 2 ఆంప్లిఫయరు ఒకటి. దాని గొంతు బొంగురుపోతే అందరి అనుమానం కేటీ 66 వాల్వుల మీదికి పోతుంది. దోషం పెక్కుసార్లు వాటి ముందున్న చిన్న కండెన్సరుది. వయసు మళ్లిన కండెన్సరు ఆపవలసిన విద్యుత్తును కొద్దికొద్దిగా జారవిడుస్తుంది. అది గ్రిడ్డుకు చేరినప్పుడు వాల్వులో ప్రవాహం మితిమీరి వాల్వు మాడుతుంది. ఒక్కొక్కప్పుడు ట్రాన్స్‌ఫార్మరు కూడా. కండెన్సరును చూడక కొత్త వాల్వు పెట్టినవాడు దానినీ పోగొట్టుకుంటాడు. అల్పుని తప్పుకు ఘనుడు బలియగుట లోకంలో ఇక్కడ మాత్రమేనా!

గారార్డు 301 టర్న్‌టేబులులో మోటారు చలనాన్ని పళ్లానికి అందించేది ఒక రబ్బరు చక్రం. ఏండ్లు గడిచి రబ్బరు గట్టిపడినా, కందెన బంకగా మారినా పాట వెనుక గురగుర వినిపిస్తుంది. తుడిచి, తగిన కందెన వేసి, ఆ చక్రాన్ని మార్చిన పిమ్మట గాని మోటారు జోలికి పోరాదు.

అన్నిటికన్న జాగ్రత్త వలసినది ముల్లు విషయంలో. ఘంటసాల పాడిన కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ 78 చుట్ల రికార్డు. 1974లో ఆయన మరణానంతరం వెలువడిన ‘భగవద్గీత’ ఎల్పీ. రెండూ ఒకే ఇంట ఉండవచ్చును గాని ఒకే ముల్లుతో వినరాదు. మొదటిదాని గాడికి అంగుళంలో సుమారు వెయ్యింట మూడు వంతుల మొన కావలెను. రెండవదానికి వెయ్యింట ఒక వంతు, లేదా అంతకన్న సన్నం. సన్నని ముల్లు వెడల్పు గాడి అడుగున పడి దుమ్మును గీరుతుంది. లావు ముల్లు సన్నని గాడి గోడలను అరగదీస్తుంది. కండెన్సరు బజారులో దొరుకుతుంది, అరిగిన స్వరం దొరకదు. 78 చుట్ల రికార్డులను స్పిరిటుతో తుడవరాదు; అవి లక్కతో చేసినవి, స్పిరిటుకు కరుగుతాయి. పాండవుల లక్కయింటికి నిప్పు భయమైతే, మన రికార్డులకు ఇది మరొక భయం.

ఉపాధ్యాయులకు ఒక మనవి. రికార్డులు తుడుచుట, ముల్లు బరువు సరిచూచుట విద్యార్థులచేత చేయించవచ్చును. వాల్వు పెట్టె విప్పే పని మాత్రం వారికి ఈయరాదు. మీట ఆర్పి, తీగ ఊడదీసిన తరువాత కూడా కండెన్సర్లలో 300 వోల్టులకు మించిన విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉండవచ్చు, అది ప్రాణాంతకం. తెలిసినవాడు తగిన రెసిస్టరు ద్వారా దానిని దింపి, మీటరుతో చూచి, పిదపనే చేయి పెడతాడు. మార్చిన భాగాన్ని పారవేయక, ఎందుకు, ఎప్పుడు మార్చినదీ తెలిపే చీటీతో కలిపి యంత్రం వెంటనే భద్రపరుస్తాడు. పాఠాంతరాలు పుట అడుగున చూపినట్లు, రేపు విప్పబోయేవానికి ఆ చీటీయే ఆధారం.