పొరుగింటి వకీలు పెదవి విప్పాలి

కాలనీ పార్కు కోసం వదిలిన జాగాలో రాత్రికి రాత్రే రేకుల షెడ్డు లేస్తే పదిమందీ చేరి కార్పొరేటర్‌ను తిట్టుకుంటారు. అదే వీధిలో ఉండే వకీలు మాత్రం మనకెందుకులే అని తలుపేసుకుంటారు. ఆ మౌనం సరికాదు. లేఅవుట్ ప్లాను నకలు కోసం 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టవచ్చనీ, 30 రోజుల్లో జవాబు రాకపోతే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చనీ చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. పార్కు హద్దులు చూపే ఆ కాగితం చేతికొస్తే, తిట్ల చోట నిలదీసే ప్రశ్న పుడుతుంది. వ్యవహారం కోర్టు దాకా వెళ్తే మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కును 1987 నాటి చట్టమే ఇచ్చిందన్న సంగతి ఎన్ని ఇళ్లకు తెలుసు? వకీళ్లు ఇలా చెప్పడానికి బార్ కౌన్సిల్ 36వ నిబంధన అడ్డొస్తుందని కొందరంటారు. అది నిషేధించేది ప్రకటనలను, కేసుల వేటను. ఇరుగుపొరుగుకు చట్టం విడమరిచి చెప్పడాన్ని కాదు. వకీలుకూ ఓ పార్టీ ఉంటుంది కదా, చట్టం పేరుతో రాజకీయం నూరిపోస్తే ఎలా అన్న అభ్యంతరం మాత్రం బరువైనదే. అందుకు మందు నోరు కట్టేసుకోవడం కాదు. ఇది సెక్షన్, ఇది నా అభిప్రాయం అని విడదీసి చెప్పాలి; సొంత పార్టీ వాళ్లు ఆక్రమించినా అదే సెక్షన్ చదవాలి; పత్రాలు చూడకుండా ఎవరి కేసుకూ భరోసా ఇవ్వకూడదు. వకీళ్లారా, ఈసారి కాలనీ సంఘం సమావేశానికి తప్పక వెళ్లండి, అడిగినవారికి తెలిసింది చెప్పండి.