తలనొప్పికి మత్తుమందు

పార్శ్వపునొప్పి నెరుగనివారు దానిని తలనొప్పియే కదా యని తేలికగా తీసివేయుదురు. బడికి రాని విద్యార్థి సోమరి యనియు, సెలవు కోరిన ఉపాధ్యాయిని సాకులు చెప్పుచున్నదనియు తలచుట సులభము. నెలకు 15 దినములకు తక్కువ గాకుండ తలనొప్పి వచ్చుచు, అందు 8 దినములైనను పార్శ్వపునొప్పి లక్షణములు కనబడుచు, మూడు మాసములకు మించి సాగినచో వైద్యులు దానిని దీర్ఘవ్యాధిగా నెంచుదురు. సగము జీవితము చీకటిగదిలో గడచిపోవునన్నమాట! ఏ మందును పనిచేయని ఇట్టివారి కొరకు కొందరు వైద్యులు కెటమైన్ వైపు చూచుచున్నారు.

ఇది క్రొత్త మందు కాదు. 1962లో అమెరికాలోని పార్క్ డేవిస్ సంస్థకై కాల్విన్ స్టీవెన్స్ దీనిని తయారు చేసెను. శస్త్రచికిత్సకు ముందు మత్తునిచ్చుటకు 1970లో అచట అనుమతి లభించెను. తగు మోతాదులో శ్వాసను అంతగా అణచకపోవుట దీని విశేషము.

మెదడులో గ్లూటమేట్ అను రసాయనము నాడీకణములను ప్రేరేపించును. ఆ ప్రేరణను అందుకొను ఎన్.ఎం.డి.ఎ. గ్రాహకమును కెటమైన్ అడ్డగించును. నొప్పికి ముందు కొందరి కన్నులయెదుట మెరుపుగీతలు కదలాడును. మెదడు ఉపరితలముపై మెల్లగా ప్రాకు ఒక అలజడియే ఈ పూర్వలక్షణములకు మూలమని శాస్త్రజ్ఞుల భావన. బ్రెజిల్ దేశీయుడు లెయావో 1944లో కుందేళ్ళ మెదడులో ఆ అలజడిని వర్ణించెను. జంతువులలో దానిని కెటమైన్ ఆపగలదని తేలినది గనుక ఆశకు ఆధారము లేకపోలేదు.

కాని ఆధారము వేరు, నిరూపణ వేరు. పూర్వలక్షణములు దీర్ఘముగా నుండువారిపై లండన్ వైద్యులు జరిపి 2013లో ప్రకటించిన పరీక్షను పూర్తి చేసినవారు 18 మందియే. ముక్కుద్వారా ఇచ్చిన 25 మిల్లీగ్రాముల కెటమైన్ ఆ లక్షణముల తీవ్రతను తగ్గించినది. అవి యుండు కాలమును తగ్గించలేదు. ఆసుపత్రులలో సిరద్వారా ఇచ్చిన చికిత్సను గూర్చిన వృత్తాంతములు చాలవరకు పాత రికార్డులను తిరుగవేసి వ్రాసినవి. మందు పొందనివారితో పోల్చి చూచినవి అరుదు.

విందులలో దుర్వినియోగమగుచున్నదని దీనిని వెలివేయుట మాత్రము న్యాయము కాదు. నల్లమందునుండి పుట్టిన మార్ఫిన్‌ను లోకము వెలివేసినదా? అయినను దీనివలన రక్తపోటు పెరుగును, భ్రాంతులు కలుగును. మితిమీరి చిరకాలము వాడినవారి మూత్రాశయము చెడును. భారత ప్రభుత్వము 2013లో దీనిని షెడ్యూల్ ఎక్స్‌లో చేర్చుట అకారణము కాదు. ఆసుపత్రిలో, నిపుణుల కన్నులయెదుటనే ఈయవలసిన మందిది.

నొప్పితో విసిగినవాడు బేరమాడలేడు. అట్టివానికి నిరూపణ కాని చికిత్సను భారీ రుసుముతో అమ్ముట అన్యాయము. ఇచ్చినచోట ఫలితమును, అది నిలిచిన కాలమును నమోదు చేయవలెను. పెద్ద పరీక్షల ఖర్చు ప్రభుత్వములు భరించవలెను. అంతకుముందు, రోగి నెలకు ఎన్ని నొప్పిమాత్రలు మ్రింగుచున్నాడో వైద్యుడు అడుగవలెను. ఆ మాత్రలే అధికమై తలనొప్పిని పెంచుట కద్దు.