కారు నాది, ప్రచారం వాళ్ళది

కొన్నది నేను, ఈఎమ్ఐ కడుతున్నది నేను. డిక్కీ మీద మాత్రం షోరూమ్ వాడి పేరు! అడక్కుండానే అంటించేశాడు. నాలుగేళ్ళు ఉచితంగా ప్రచారం చేసిపెట్టాక మొన్న ఆదివారం పీకేద్దామని కూర్చున్నా. పైపొర ఊడింది, జిగురు ఊడదే! పక్క ఫ్లాటాయన థిన్నర్ తెచ్చాడు. వద్దు మహాప్రభో అన్నా, అది జిగురుతో పాటు పెయింటునీ తినేస్తుంది. బ్లేడు సంగతంటారా, నా పాత బైకు ట్యాంకు మీది గీతలే సాక్ష్యం. చివరికి మా ఆవిడ హెయిర్ డ్రయర్‌తో వెచ్చజేసి, కొబ్బరినూనె రాసి, పావుగంట ఆగి మెత్తటి గుడ్డతో రుద్దితే ఉండలు కట్టి వచ్చింది. ఆనక షాంపూ నీళ్ళతో జిడ్డు కడిగా. అంతా చేస్తే ఏముంది, చుట్టూ రంగు ఎండకి వెలిసి, వాడి పేరు నీడలా అక్కడే ఉంది!

కొత్త కారు తీసుకునేవాళ్ళు డెలివరీకి ముందే స్టిక్కర్ వద్దని చెప్పండి. అడగాల్సింది వాళ్ళు కదా అంటారా? నేనూ అదే అంటున్నా.