సహకారం ఎవరిది? హక్కు ఎవరిది?

పోయిన సంక్రాంతికి వారం ముందు మా పేటలో ఒక చిన్న సభ జరిగింది. రామాలయం ముందు షామియానా వేసి, 'పేటవాసుల సహకారంతో మురుగు సమస్య పరిష్కారం' అని బ్యానరు కట్టారు. వేదిక మీద ఆరుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. మున్సిపల్ అధికారికి శాలువా కప్పారు. పేట కమిటీ అధ్యక్షుడికి కప్పారు. కౌన్సిలరు గారి భర్తకి కూడా కప్పారు. కౌన్సిలరు మాత్రం కింద, ఆడవాళ్ళ కుర్చీల్లో నా పక్కన కూర్చుని ఉంది. ఏడు నెలలు ఆ కాలవ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన ఆడవాళ్ళు వచ్చినవాళ్ళకి టీలు అందించారు. సభ అయ్యాక ఆ ప్లాస్టిక్ గ్లాసులు మళ్ళీ కాలవలో పడకుండా ఏరింది కూడా వాళ్ళే.

వేదిక మీద ఆడవాళ్ళు లేరని ఫిర్యాదు చెయ్యడానికి ఈ వ్యాసం రాయడం లేదు. అది మనకి కొత్త సంగతి కాదు. నన్ను ఇబ్బంది పెట్టింది బ్యానరు మీది 'సహకారం' అనే మాట. ప్రభుత్వం వాడుతుంది, నిధులిచ్చే సంస్థలు వాడతాయి, మన నివేదికల్లో మనమూ 'ప్రజల భాగస్వామ్యం' అని ధారాళంగా రాస్తాం. ఆ మాట వెనక ఎవరి పని, ఎవరి డబ్బు, ఎవరి ప్రాణం ఉన్నాయో ఒకసారి లెక్క చూసుకోవాలనిపించింది. ఆ లెక్కలో నా తప్పు కూడా ఉంది.

మాది కోస్తాలో ఒక మోస్తరు పట్టణం. నేనొక మేడ మీద వాటాలో అద్దెకుంటాను. మా వీధి పక్కన పారే కాలవ, చివర మెయిన్ రోడ్డు కింద తూములోంచి అవతలి పెద్ద కాలవలో కలవాలి. ఏటేటా రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో రోడ్డు ఎత్తయింది, ఇళ్ళు పల్లమయ్యాయి. చినుకు పడితే కాలవ నీళ్ళు గడప దాటి లోపలికొస్తాయి. సగం ఇళ్ళ సెప్టిక్ ట్యాంకుల గొట్టాలు ఆ కాలవలోకే ఉన్నాయి. కుళాయి గొట్టాలు కూడా అందులోంచే వెళ్తాయి. మొన్నటి జులైలో మా వీధిలో నలుగురు పిల్లలకి పచ్చకామెర్లు వచ్చాయి.

మురుగు సమస్యని మనం ఇంజనీరింగ్ సమస్యగానో, ఆరోగ్య సమస్యగానో చూస్తాం. అది ముందుగా ఆడవాళ్ళ పని సమస్య. తెల్లవారుజామున లేచి ఇంట్లోకొచ్చిన నీళ్ళు ఎత్తిపొయ్యడం, బియ్యం డబ్బాలు మంచం మీదికెక్కించడం, తడిసిన బొంతలు ఆరేసుకోవడం, కుళాయి నీళ్ళు కాచి చల్లార్చడం, జ్వరం పిల్లల్ని కూలి మానుకుని ఆసుపత్రికి తిప్పడం ఆడవాళ్ళవే. నెలసరి వచ్చినప్పుడు ముంపులో ఉన్న బాత్‌రూముతో ఏం చెయ్యాలో ఆలోచించుకోవలసిందీ వాళ్ళే. మగవాళ్ళకి మురుగంటే వాసన, దోమలు, బండి తియ్యడానికి ఇబ్బంది. వాళ్ళు పనికి పోతే సాయంత్రం దాకా దాన్నుంచి విముక్తి ఉంది.

అందుకే దాని గురించిన జ్ఞానం కూడా ఆడవాళ్ళ దగ్గరే ఉంది. 'మీరు చెత్త వేస్తున్నారు, అందుకే పూడుతోంది' అని అధికారులు ఎప్పుడూ చెప్పేమాట. ఒకరోజు కుళాయి దగ్గర దీనిమీద మాటలు పెరిగి, మిషను కుట్టుకునే ఒకావిడ ముగ్గుపిండి తెచ్చి సిమెంటు రోడ్డు మీద వీధి బొమ్మ వేసింది. ఏ ఇంటి ముందు నీళ్ళు ముందు ఆగుతాయి, ఎవరి అరుగు కాలవ మీదికి వచ్చింది, హోటలు జిడ్డు ఎక్కడ పేరుకుంటుంది, వానొస్తే నీళ్ళు ఎటునుంచి వెనక్కి తంతాయి అని తలా ఒకటీ చెప్పారు. అరగంటలో తేలిందేమిటంటే, చెత్త అసలు కారణం కాదు. తూము అడుగు కాలవ అడుగు కంటే ఎత్తులో ఉంది. ఎంత పూడిక తీసినా నీళ్ళు ఎత్తుకి పారవు. తర్వాత లెవెల్ మిషను పెట్టి చూసిన ఇంజనీరు చెప్పిందీ ఇదే. అప్పటికి ముగ్గు చెరిగిపోయి రెండు నెలలైంది.

ఇక నా తప్పు. 'మనమే తలా కొంత వేసుకుని కాలవ బాగుచేసుకుందాం' అని ఆడవాళ్ళు అన్నప్పుడు నేను గట్టిగా కాదన్నాను. పన్నులు కడుతున్నాం, ఇది మున్సిపాలిటీ బాధ్యత, పేదవాళ్ళు చేతినుంచి పెట్టుకుంటే ప్రభుత్వం తప్పుకుంటుంది, డబ్బున్న కాలనీల్లో కాలవ కోసం ఎవరైనా చందాలు వేసుకుంటున్నారా అని వాదించాను. అర్జీలు రాశాను. రెండు నెలలు తిరిగాం. కాలవ మున్సిపాలిటీది, తూము రోడ్ల శాఖది, మాది కాదంటే మాది కాదన్నారు. ఆ రెండు నెలల్లోనే పిల్లలకి కామెర్లు వచ్చాయి. ఇస్త్రీ బండి పెట్టుకునే ఆవిడ ఒకరోజు నాతో, 'మీరు చెప్పింది న్యాయమే మేడంగారూ, కానీ మీరుండేది మేడమీద గదా' అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

హక్కు అనే మాట ఎదురుచూడగలిగిన వాళ్ళకి ఒకలాగా, ఎదురుచూడలేని వాళ్ళకి ఒకలాగా వినపడుతుందని నేను పుస్తకాల్లో చదవలేదు. అయితే నా భయం కూడా ఉత్తదేం కాదు. ఈ రెండింటి మధ్య దారి వెతుక్కున్న అనుభవాలు మన ఉపఖండంలోనే ఉన్నాయి.

కరాచీలోని ఓరంగీ మురికివాడలో 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ మొదలుపెట్టిన ప్రాజెక్టు గురించి మనలో చాలామంది వినే ఉంటారు. ఇరవై, ముప్ఫై ఇళ్ళ గల్లీని ఒక యూనిట్‌గా తీసుకుని, ఇంటి మరుగుదొడ్డినీ గల్లీలో భూగర్భ మురుగు గొట్టాన్నీ జనం తమ డబ్బుతో తామే వేసుకున్నారు. కాంట్రాక్టరు లేకపోవడంతో ఖర్చు బాగా తగ్గింది. 'ప్రజలే చేసుకోగలరు' అనడానికి ప్రపంచమంతా ఓరంగీని ఉదహరిస్తుంది. రెండో సగాన్ని వదిలేస్తుంది. గల్లీ దాకానే జనం బాధ్యత. పెద్ద మురుగు కాలవలు, శుద్ధి చేసే ఏర్పాటు ప్రభుత్వానిదే అన్నది ఆ నమూనాలో అంత ముఖ్యమైన భాగం. ప్రభుత్వాన్ని ఆ పని చేయించడం కోసమే పర్వీన్ రహమాన్ అనే ఆర్కిటెక్టు కరాచీ నాలాలకీ బస్తీలకీ ఏళ్ళ తరబడి పటాలు గీయించింది. పటం ఉంటే ఇక్కడ కాలవ లేదని గానీ, ఇక్కడ మనుషులు లేరని గానీ ఎవరూ అనలేరు. భూమి కబ్జాదారులకి ఆ పటాలు కంటగింపయ్యాయి. 2013 మార్చిలో ఆమెని కాల్చి చంపారు. మురుగు, భూమి, అధికారం ఎంత దగ్గర సంబంధమో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

అహ్మదాబాద్‌లో 1990లలో నడిచిన 'పరివర్తన్' పథకంలో ఒక్కో కుటుంబం 2,000 రూపాయలు కట్టింది. సేవా లాంటి మహిళా సంస్థలు ఆడవాళ్ళని కూడగట్టాయి. బదులుగా నగరపాలక సంస్థ ఆ బస్తీల్ని పదేళ్ళ దాకా ఖాళీ చేయించనని హామీ ఇచ్చింది. నాకు ముఖ్యంగా తోచింది ఇదే. అక్కడ సహకారానికి బదులు ఒక హామీ ఉంది. మన దగ్గర సహకారం అంటే ఒకవైపు నుంచి ఇచ్చేది మాత్రమే.

ఈ సంగతులు మా ఆడవాళ్ళతో మాట్లాడాక ఒక నిర్ణయానికొచ్చాం. వీధి కాలవ మనం సరిచేసుకుందాం, సిమెంటు, ఇంజనీరు మున్సిపాలిటీవి, తూము మాత్రం పూర్తిగా ప్రభుత్వానిది, ఇవన్నీ కాగితం మీద రాసిచ్చాకే మొదటి గునపం పడాలి. కాగితం కోసం ముప్ఫైమంది ఆఫీసు వరండాలో మూడు రోజులు కూర్చున్నారు. కూలిపోయిన ఆ మూడు రోజుల డబ్బు ఎవరి 'సహకారం' లెక్కలోకీ రాలేదు. కాగితం వచ్చింది. సెప్టెంబరులో అరుగులు కొట్టించారు, కాలవ వాలు సరిచేశారు. అరుగులు కొట్టేటప్పుడు ఇంటింటికీ వెళ్ళి తిట్లు తిన్నది కూడా ఆడవాళ్ళే. కమిటీ మగవాళ్ళు 'ఇరుగుపొరుగుతో మాటొస్తుంది' అని తప్పుకున్నారు.

అసలు పరీక్ష తూము దగ్గర వచ్చింది. వాన ముంచుకొస్తోంది, తూము నిండా పూడిక. కమిటీ వాళ్ళు ఒక సాయంత్రం ఇద్దరు మనుషుల్ని మాట్లాడారు. రెండు సీసాలు, రెండు వేలు ఇస్తే లోపలికి దిగి తీసేస్తారని అన్నారు. ఆ ఇద్దరూ ఏ పేట నుంచి వస్తారో, ఏ కులం వాళ్ళో ఎవరూ అడగనక్కర్లేదు. మన కోస్తా పట్టణాల్లో ఈ పని రెల్లి, మాదిగ కులాల నెత్తిన పెట్టి తరాలైంది. నిజం చెప్పాలంటే మా ఆడవాళ్ళలో కూడా చాలామంది 'పోనీలే, అయిపోతుంది' అన్నారు. హాస్టల్లో వంటచేసే ఒకావిడ మాత్రం లేచి, 'మా మేనమామ ఇలాగే ట్యాంకులో దిగి పైకి రాలేదు. మనిషి దిగితే నా చందా నాకిచ్చెయ్యండి' అంది.

సెప్టిక్ నీళ్ళు కలిసే మూసిన తూములో విషవాయువు ఉంటుంది, కంటికి కనపడదు. మనుషుల చేత పాకీపని చేయించడాన్ని 1993లోనే చట్టం నిషేధించింది. 2013 చట్టం, రక్షణ లేకుండా మురుగు కాలవల్లోకీ సెప్టిక్ ట్యాంకుల్లోకీ మనుషుల్ని దించడాన్ని నేరం చేసింది. అది మున్సిపాలిటీకే కాదు, పని చెప్పే వ్యక్తులకీ వర్తిస్తుంది. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో 2014 మార్చిలో సుప్రీంకోర్టు చనిపోయినవాళ్ళ కుటుంబాలకి 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో మరో కేసులో దాన్ని 30 లక్షలకి పెంచింది. ఇరుకు సందుల్లోకి పోగల చిన్న జెట్టింగ్ యంత్రాల్ని హైదరాబాద్‌లో 2017లోనే తెచ్చారు. అంటే యంత్రం లేక మనిషి దిగడం లేదు. మనిషి చవకని దిగుతున్నాడు.

ఆ రాత్రి పెద్ద గొడవయింది. 'మీ చట్టాల వల్ల మా ఇళ్ళు మునగాలా?' అని అధ్యక్షుడు అడిగాడు. యంత్రం రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో రెండుసార్లు వానపడి ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి, ఎత్తిపోసింది మళ్ళీ ఆడవాళ్ళే. 'పోనీలే' అన్నవాళ్ళే నాలుగోనాటికి 'దిగనివ్వం' అన్నారు. కౌన్సిలరు తన భర్తకి చెప్పకుండా ఒక పొద్దున్న మాతో ఆఫీసుకొచ్చి పక్క పట్టణం నుంచి యంత్రం తెప్పించమని సంతకం పెట్టింది. ఆమె పదవీకాలంలో సొంతంగా పెట్టిన మొదటి సంతకం అదేనని తర్వాత నాతో అంది. మున్సిపాలిటీల్లో మూడోవంతు స్థానాలు స్త్రీలకి ఇచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 1992 నాటిది. ఆ సవరణే వార్డు కమిటీలు ఉండాలంది గానీ, తప్పనిసరి చేసింది మూడు లక్షల జనాభా దాటిన చోట్లనే. మాలాంటి పట్టణాలకి పెద్దమనుషుల కమిటీలే గతి.

ఆ కమిటీలో సభ్యత్వం ఇంటి యజమానులకే. మా వీధిలో ఆడవాళ్ళ పేరున ఉన్న ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అద్దెవాళ్ళకి అసలు ప్రవేశం లేదు, నాకూ లేదు. చందా మాత్రం అందరి దగ్గరా తీసుకున్నారు. కాలవ బాగుపడింది, నవంబరు వానలకి నీళ్ళు ఇళ్ళలోకి రాలేదు, దోమలు తగ్గాయి. డిసెంబరులో అద్దెలు పెరిగాయి. ఇస్త్రీ బండి ఆవిడ పెరిగిన అద్దె కట్టలేక ఊరి చివరికి వెళ్ళిపోయింది. కాలవ తవ్విన రోజుల్లో పొద్దున్నే మొదటగా గునపం పట్టుకున్నది ఆమె. సభ జరిగిన నాడు ఆమె మా పేటవాసి కాదు.

అందుకని, బస్తీల్లో పనిచేసే మనం 'ప్రజల సహకారం' అని రాసేముందు కొన్ని షరతులు పెట్టుకోవాలని నా ప్రతిపాదన. పైసా వసూలు చేసే ముందు ప్రభుత్వ భాగం ఏమిటో రాతపూర్వకంగా ఉండాలి. ఇంటి పట్టా ఉన్నవాళ్ళు కాదు, ఆ వీధిలో నివసించే పెద్దవాళ్ళంతా, అద్దెవాళ్ళతో సహా, కమిటీలో సభ్యులు కావాలి. డబ్బుతో పాటు పనిగంటలూ, పోగొట్టుకున్న కూలీ లెక్కపుస్తకంలో ఎక్కాలి. ఎంత అత్యవసరమైనా మనిషి మురుగులోకి దిగకూడదు, ఈ షరతు మొదటి సమావేశంలోనే పెట్టాలి, వానొచ్చిన రాత్రి కాదు. పని పూర్తయ్యాక కొంతకాలం అద్దె పెంచబోమని యజమానుల చేత రాయించుకోవాలి. ఈ చివరి షరతు మాకు అప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే ఒప్పుకునేవారా అంటే చెప్పలేను. కానీ అరుగులు కొట్టడానికి ఒప్పించగలిగిన వాళ్ళం, ఇది అడిగి ఉండవలసింది.

పాత తూము తీసి లోతుగా కొత్తది కడతామన్న హామీ ఇంకా కాగితం మీదే ఉంది. ఆ కాగితం నకళ్ళు మా వీధి ఆడవాళ్ళ దగ్గర పది ఉన్నాయి. ఒకటి నేను ఊరి చివరికి వెళ్ళి ఇస్త్రీ బండి ఆవిడకి ఇచ్చి వచ్చాను. వాళ్ళ కొత్త వీధిలో కాలవే లేదు. 'అక్కడ కాగితం ఎలా రాయించారో మా వాళ్ళకి వచ్చి చెప్పండి మేడంగారూ' అంది. వచ్చే ఆదివారం వెళ్తున్నాం, ఈసారి ముగ్గుపిండి కూడా పట్టుకెళ్తున్నాం.