తరుగు

"అక్కయ్యా, అమ్మ పెళ్ళి పట్టుచీర ఖరీదెంతుంటుంది?" అని మా చెల్లెలు డల్లాసు నుంచి ఫోనులో అడిగింది. 2021 ఫిబ్రవరి నెలాఖరు. అమ్మ పోయి అప్పటికి ఆరేళ్ళు. వాటాలు పంచుకున్నప్పుడు గాజులు నేను తీసుకుని చీర దానికి వదిలాను. ఇప్పుడా చీరకు వెల కట్టమంటున్నది ఎవరయ్యా అంటే, బీమా కంపెనీవారు!

సంగతి యిది. ఆ నెల 16వ తేదీన డల్లాసులో చలి సున్నకు దిగువన 19 డిగ్రీల సెంటిగ్రేడుకు పోయింది. టెక్సాసులో 40 లక్షలకు పైగా యిళ్ళకు కరెంటు పోయింది. యింట్లో వేడి లేక మావాళ్ళు పిల్లలను తీసుకుని స్నేహితుల యింటికి చేరారు. అక్కడ చాలా యిళ్ళలో నీటిగొట్టాలు అటకమీదుగా పోతాయి. నీరు గడ్డకడితే నూటికి తొమ్మిది వంతులు పెరుగుతుంది. పాపం, గొట్టం ఎక్కడికని పెరుగుతుంది? పగిలిన సంగతి మాత్రం మంచు కరిగాక గాని తెలియదు. మావాళ్ళు తిరిగివచ్చి తలుపు తీసేసరికి పడకగది పైకప్పు మంచం మీద వున్నది. చీర వున్న అట్టపెట్టె దానికింద.

"పాత కావ్యాలకు అర్థాలు చెబుతావు గదా, యిదీ చదివి చెప్పు" అని చెల్లెలు బీమా పత్రం పంపింది. కావ్యాలకు వ్యాఖ్యానాలున్నవి. దీనికి లేదు. రెండు సాయంత్రాలు కూర్చున్నాను. గొట్టం హఠాత్తుగా పగిలి వచ్చిన నీటికి యీ బీమా వర్తిస్తుంది. బయటినుంచి వచ్చే వరదకు వేరే పాలసీ వుండాలి. అయితే యింటిలో వేడి నిలపడానికో, లేదా నీళ్ళు కట్టివేయడానికో తగు జాగ్రత్త తీసుకున్నారా అన్న మెలిక ఒకటున్నది. మా మరిది నీళ్ళు కట్టకుండానే వెళ్ళాడు!

"కట్టామని వ్రాస్తే?" అన్నది చెల్లెలు మెల్లగా. వద్దన్నాను. జరిగింది జరిగినట్టు వ్రాయించి, కరెంటు పోయిందని విద్యుత్ కంపెనీ ఫోనుకు పంపిన సందేశాలు జత చేయించాను. వేడి ఆపింది వీళ్ళు కాదు గదా! కంపెనీ ఒప్పుకున్నది. ఆ పది రోజులూ మాత్రం మాకు నిద్ర లేదు.

తడిసిన సామాను కంపెనీ మనిషి చూసేదాకా పారవేయకూడదు. అలాగని బూజుపట్టేదాకా నాననివ్వనూ కూడదు. ఫోటోలు తీసి, తివాచీ ముక్కొకటి కత్తిరించి దాచి, మిగతాది తీసివేయాలి. మా మరిది మొదటిరోజే మొత్తం బయట పారేశాడు. "అయ్యో పాపం" అనిపించుకుందామని బంధువులందరికీ పంపిన ఫోటోలే చివరకు సాక్ష్యమైనవి.

మరమ్మతు కాంట్రాక్టరు యింకో ఆశ చూపాడు. నష్టంలో మొదటి మూడువేల డాలర్లు పాలసీ ప్రకారం మావాళ్ళే భరించాలి. దాన్నే డిడక్టిబుల్ అంటారు. "అది మీరివ్వనక్కరలేదు, బిల్లులో నేను సర్దుతాను" అన్నాడు. టెక్సాసులో 2019 నుంచి అది చట్టవిరుద్ధం. అలాంటివాడు పైకప్పులోనూ ఏదో సర్దుతాడని నా అనుమానం. వేరేవాణ్ణి చూసుకున్నారు.

యిక జాబితా. వస్తువు పేరు, వయస్సు, కొన్న ధర. మావాళ్ళ పాలసీలో ముందు తరుగు తీసి డబ్బిస్తారు. బాగుచేయించి బిల్లులు చూపితే ఆ తరుగు తర్వాత యిస్తారు. తరుగు అన్నమాట కంసాలి దగ్గర విన్నదే గాని, చీరకు వుంటుందని నాకు తెలియదు. 1974 నాటి చీర. తరుగు పోగా మిగిలింది సున్న. కొత్తది కొని బిల్లు పంపితే ఆలోచిస్తామన్నారట. నేను ఫోనులో వాళ్ళను తిట్టిన తిట్లు చెల్లెలు ఒక్కటీ అనువదించలేదు.

రెండో విడత డబ్బు ఆగస్టులో వచ్చింది. చీరకు బిల్లు పంపలేదు. నీడన ఆరవేసి దాచుకున్నది. జరీ ఒకవైపు నల్లబడిందట. యిప్పుడు చలి వస్తున్నదని రేడియోలో చెప్పగానే మా మరిది టార్చిలైటు పట్టుకుని, వీధివైపు నేలలో వున్న నీటిమీటరు మూత ఎత్తి చూసి వస్తున్నాడట.