పెద్ద దర్వాజ కథ, దొడ్డి వాకిలి కథ

దేవరకొండ వైపు పల్లె నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. "అక్కా, మా నాయినమ్మకు తొంభై దాటాయి. ఆమె చెప్పిన ముచ్చట్లతో నిజాం కాలం నాటి నవల రాద్దామని కూర్చున్నాను. మా ముత్తాత ఊళ్ళో వెట్టి చేయించుకున్న మనిషి. అది రాస్తే ఇంటి పరువు పోతుందని మావాళ్ళు కోప్పడుతున్నారు. ఆ సంగతి వదిలేసి రాయనా?"

వదిలేయకమ్మా! వదిలేస్తే మిగిలేది నవల కాదు, సంబంధం చూడవచ్చినవాళ్ళ ముందు చెప్పుకునే ఇంటి గొప్పలు.

ఈ పని చేసినవాళ్ళు మీ జిల్లాలోనే ఉన్నారు. ముదిగంటి సుజాతారెడ్డిగారు 1942లో అప్పటి నల్లగొండ జిల్లా ఆకారంలో పుట్టారు. తెలంగాణ దొరల కుటుంబాలు ఎట్లా మారుతూ వచ్చాయో 'మలుపు తిరిగిన రథచక్రాలు' నవలగా రాశారు. 'ముసురు' పేరుతో ఆత్మకథా రాశారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. సొంత బతుకు నవలలోకి ఎట్లా వస్తుందో మీకే తెలుస్తుంది.

ఇక వట్టికోట ఆళ్వారుస్వామిగారు. 1915లో నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో పుట్టారు. చిన్నతనంలోనే ఇళ్ళలో వంట చేసి, హోటల్లో పనిచేసి బతికారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు, జైలుకు పోయి వచ్చారు. 1955లో 'ప్రజల మనిషి' నవల వచ్చింది. పెద్ద దర్వాజలో కూర్చున్నవాళ్ళకు ఒక ఇల్లు కనిపిస్తే, పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ళకు ఇంకో ఇల్లు కనిపిస్తుంది కదా!

అందుకే మీ నాయినమ్మతో ఆగిపోకండి. ఆ ఇంట్లో వడ్లు దంచినామె ఎవరు? ఆమె మనవరాలు ఊళ్ళోనే ఉంటే వెళ్ళి అడగండి. స్త్రీశక్తి సంఘటన వారు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చూడండి. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళు తమ మాటల్లో చెప్పుకున్న పుస్తకం అది.

ఎట్లా అడగాలంటారా? పుస్తకం, పెన్నూ పట్టుకుని ఎదురుగా కూర్చుంటే పెద్దవాళ్ళు బిగుసుకుపోతారు. చింతపండు గింజ తీస్తూ అడగండి, అదే వస్తుంది మాట. "ఏ సంవత్సరం?" అనకండి. "1948 పోలీసు చర్యకు ముందా, వెనకా? అప్పటికి పెద్దోడు పుట్టిండా?" అనండి. అన్నం ఏ పండక్కి వండేవారు, మిగతా రోజుల్లో జొన్నరొట్టెనా గట్కనా, పనివాళ్ళకు ఏం పెట్టేవారు? తిండి గురించి అడిగితే కాలమంతా బయటికొస్తుంది.

పెట్టెలో పాత ఉర్దూ కాగితాలుంటే పారేయకండి. వాటిమీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలపండి, ఒక ఏడు అటూఇటుగా మన లెక్క వస్తుంది. ఫసలీ 1357 అంటే 1947-48 అన్నమాట. ఆ కాగితంలో రూపాయలంటే హాలీ సిక్కాలై ఉంటాయి, మరిచిపోకండి.

నవల కాబట్టి మనుషుల పేర్లు మార్చండి, ఊరి పేరు మార్చండి. ఇద్దరు మేనత్తలను కలిపి ఒక్కరిని చేయండి, తప్పులేదు. వెట్టిని మాత్రం కూలి అని మార్చకండి. కూలికి డబ్బులిస్తారు.

పరువు సంగతంటారా? మీ ముత్తాతకు భయపడి నోరు మూసుకున్నవాళ్ళలో మీ నాయినమ్మ కూడా ఉందేమో, ఒకసారి అడిగి చూడండి. ఈ ఆదివారమే అడగండి. తొంభై దాటిన మనిషి!