సామాను కట్టినా పండగ మానొద్దు



మన హాస్టల్లో పోలవరం ముంపు ఊళ్ల పిల్లలం చాలామందిమి ఉన్నాం. ఈసారి కొందరిళ్లల్లో క్రిస్మస్ చెయ్యరంట. "ఇల్లు ఖాళీ చేసే ఏడాది పండగేంటి, డబ్బులు దండగ" అంటున్నారు. నా అభిప్రాయం వేరు.

మాకు పండగ ఖర్చెంత? వెదురు బద్దలు అడవిలోవి. రంగు కాగితం, గంజి ఉంటే నక్షత్రం తయారు. 24 రాత్రి డోలు కొట్టుకుంటా, పాటలు పాడుకుంటా ఇంటింటికీ పోతాం. ముత్యాలమ్మకి మొక్కే ఇళ్లోళ్లు కూడా తలుపు తీసి చేటతో బియ్యం పోస్తారు. 25న ఆ బియ్యమే ఊరంతటికీ అన్నం. ఇంత పండగ నడిచేది ఇరుగుపొరుగు వల్లనే.

కాలనీలో మా ఊరి ఇళ్లు తలో వీధిలో పడితే ఎవరి తలుపు కొడతాం? 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ ప్రకారం గిరిజనులను వీలైతే అదే షెడ్యూల్డ్ ప్రాంతంలో, అందరినీ ఒకేచోట ఉంచాలి. మన భాష, సంస్కృతి పోకూడదనే అలా రాశారు. ప్రతి 50 కుటుంబాలకి ప్రార్థనా స్థలం, రచ్చబండ ఉండాలని కూడా అదే చట్టంలో ఉంది.

అందుకని ఈ ఏడాది పండగ తప్పకుండా చెయ్యాలి. పాటలకి ఏ ఇంటి తర్వాత ఏ ఇంటికి పోయామో ఆ వరసలోనే పేర్లు కాగితం మీద రాద్దాం. కాలనీలో ఇళ్లు కూడా అదే వరసలో ఇమ్మని పెద్దోళ్లు గ్రామసభలో అడగాలి. వాళ్లకి రాయడం రాకపోతే మనకి వచ్చు కదా! అర్జీ రాయడానికి వార్డెన్ మేడం గారు సాయం చెయ్యాలని కోరుతున్నాను.

— 9వ తరగతి విద్యార్థిని